సెట్‌టాప్ బాక్స్ పిన్ మర్చిపోతే రీసెట్టే దిక్కా?

పేరెంటల్ లాక్ పెట్టేటప్పుడు అందరం హుషారుగా ఓ నాలుగంకెల పిన్ కొట్టేస్తాం. ఆర్నెల్ల తర్వాత ఇంటిల్లిపాదీ సినిమాకి కూర్చున్నప్పుడు టీవీ అదే పిన్ అడుగుతుంది. ఎవరికీ గుర్తుండదు!

ముందు 0000, తర్వాత 1234 ట్రై చేయండి. చాలా బాక్సులకు కంపెనీ ఇచ్చే డిఫాల్ట్ పిన్‌లు ఇవే. మీరు అసలు మార్చనే లేదేమో. (ఈ సంగతి పిల్లలకు మనకంటే ముందే తెలిసి ఉంటుందనుకోండి.)

అవి పనిచేయకపోతే? ఆండ్రాయిడ్ బాక్సయితే రికవరీ మోడ్‌లోకి వెళ్లి ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే పిన్ పోతుంది. దాంతోపాటే యాప్‌లు, లాగిన్‌లు, వైఫై పాస్‌వర్డ్ అన్నీ పోతాయి. నా అభ్యంతరం ఇక్కడే. యూట్యూబ్‌లో ఓ వీడియో చూసి పదో తరగతి కుర్రాడు చేసేయగల పని ఇది. అంటే ఈ లాక్ పిల్లల్ని ఆపదు, మతిమరుపు నాన్నల్ని మాత్రం ఏడిపిస్తుంది.

నెట్‌ఫ్లిక్స్‌లో ప్రొఫైల్ పిన్ మర్చిపోతే అకౌంట్ పాస్‌వర్డ్‌తో మార్చుకోవచ్చు. 2021 ఐటీ రూల్స్ ఓటీటీలకు పేరెంటల్ లాక్ తప్పనిసరి చేశాయి కూడా. డీటీహెచ్ వాళ్ల దగ్గర మన రిజిస్టర్డ్ మొబైల్ నంబర్ ఎలాగూ ఉంది. దానికో ఓటీపీ పంపి, ప్రతి బాక్సులోనూ పిన్ మార్చుకోనివ్వడానికి ఏం అడ్డం?

అందాకా రీసెట్ జోలికి పోకుండా, ముందు ఆ నంబర్ నుంచే కస్టమర్ కేర్‌కి కాల్ చేయండి.