ఉబ్బలమడుగున ఒక దినము



గడచిన పుష్యమాసమున మా నాచారమునుండి పదునొక్కమంది స్త్రీలమును ఒక బాలికయు కూడి, ఒక్క దినములోనే రెండు జలస్థలములను చూచి వచ్చితిమి. అందొకటి ఉబ్బలమడుగు. అది కొండలోయలో సెలయేఱు రాతిని తొలిచి ఏర్పఱచుకొన్న మడుగుల వరుస. రెండవది పులికాటు సరస్సు. అది కడలికిని నేలకును నడుమ ఇసుకదిబ్బ అడ్డుపడుటచే ఏర్పడిన విశాలమైన ఉప్పునీటి పట్టు. ఇవి నేటి తిరుపతి జిల్లాలో, తడ యను నూరికి పడమట నొకటియు తూర్పున నొకటియు నున్నవి. ఆ యందములను పాఠకురాండ్రకు చెప్పవలెనను కోరిక మాకు లేకపోలేదు. కాని అచ్చట మేము పడిన యొక భయమును, దానివలన నేర్చిన పాఠమును చెప్పుటయే ఈ మాసపు మా ముఖ్యోద్దేశము.

నీళ్లను చూచుటకు అంతదూరము పోవలెనా యని కొంద రడుగవచ్చును. మా నాచారమున పెద్దచెఱువు కలదు. ఉప్పలున నల్లచెఱువు కలదు. దక్షిణమున మూసీ పాఱుచునే యున్నది. కాని ఇండ్ల మురుగును కార్ఖానాల మురుగును చేరిచేరి, అవి కాలు పెట్టుటకు తగని నీళ్లైనవి. సద్దుల బతుకమ్మనాడు పూలు మోసికొని గట్టెక్కి, పాట పాడుచునే కొంగు ముక్కునకు అడ్డము పెట్టుకొనవలసి వచ్చుట మనలో ఎందఱికో అనుభవమే. 2025 సెప్టెంబరులో, పొరుగున అంబరుపేటలోని బతుకమ్మకుంట బాగుపడి మరల ప్రజలకు దక్కినపుడు మేమును సంతసించితిమి. అయినను ఒక సంగతిని మనము గమనింపలేదు. చెఱువు చెడినపుడు నీరు మాత్రమే పోలేదు. ఆ నీటిలో పిల్లలు ఒకరిని చూచి యొకరు నేర్చుకొను ఈతయు పోయినది. మగపిల్లలు ఎక్కడనో యొకచోట దానిని నేర్చుకొనుచునే యున్నారు. ఆడుపిల్లలకు ఆ యవకాశము చిక్కుట లేదు.

రాత్రి సికిందరాబాదున రైలెక్కి, తెల్లవారిన పిదప సూళ్లూరుపేటలో దిగితిమి. ముందుగా మాట్లాడుకొన్న ప్రకారము ఆ ప్రాంతపు మార్గదర్శకుడొకడు చిన్న బస్సుతో వచ్చి యుండెను. అతని చేతిలో నొక పొడుగైన మోకును, ఆ మోకు కొనకు గట్టిగా మూత బిగించి కట్టిన ఖాళీ నీళ్లడబ్బాయు నుండెను. “నాయనా, నీళ్లున్న చోటికి ఖాళీ డబ్బా ఎందుకు?” అని మాలో నొకరు పరిహసింపగా అందఱమును నవ్వితిమి. అతడు నవ్వలేదు. “దీనితో పని పడకుండుగాక తల్లీ” అని మాత్రమనెను.

తడనుండి పడమటగా పోయి, అడవిశాఖవారి తనిఖీద్వారము దాటి, సెలయేటి వెంబడి నడచితిమి. ఇరుప్రక్కల చిక్కని అడవి. పాదముల క్రింద ఉరుండ్రాళ్లు. త్రోవలో పలుమాఱు ఏటిని దాటవలసి వచ్చెను. ఆ ప్రాంతమున పెద్దవానలు ఆశ్వయుజమునుండి మార్గశిరమువఱకు ఈశాన్యపు గాలితో వచ్చును. ఏఱు పొంగినపుడు ఈ త్రోవను మూసివేయుదురు. మేము పోయిన నాటికి వానలు వెలసి, నీరు తేరి, అడుగున పడియున్న ఆకు సయితము కనబడుచుండెను.

అట్టి మడుగు లెట్లేర్పడునో మార్గదర్శకుడు వివరించెను. పైనుండి దూకు నీటితో గులకరాళ్లు వచ్చి, రాతి పల్లములో చిక్కి, ప్రవాహబలమున గిరగిర తిరుగుచుండును. తిరుగలిలో రాయి గింజను నూఱినట్లు అవి యేండ్ల తరబడి పల్లమును నూఱుచుండగా అది గుండమగును. అందుచేత ఇవి మన చెఱువువలె మెల్లమెల్లగా లోతెక్కవు. గట్టున మోకాలిలోతు, ఒక్క అడుగు ముందునకు వేసినచో నిలువులోతు. నీరు తేటగా నుండుటచే అడుగు దగ్గఱగానే యున్నట్లు కన్ను మోసపోవును. ఎండ సోకని లోయ గనుక నీరు మిక్కిలి చల్లన. తటాలున దిగినవారికి ఊపిరి ఎగబట్టును. తేటగా నున్న నీరు ఉన్నట్టుండి బురదబాఱి, ఆకులు పుల్లలు కొట్టుకొని వచ్చుచున్నచో, పైకొండలలో వాన పడినదని గుర్తెఱిగి తక్షణమే గట్టెక్కవలెను. మన నెత్తిన ఆకసము నిర్మలముగా నున్నదికదా యని తాళరాదు. ఈ మడుగులలో లోగడ ప్రాణములు పోగొట్టుకొన్నవారు కలరు.

ఇంత విన్న పిమ్మట మేమందఱమును గట్టుననే కూర్చుండి పాదములు తడుపుకొని తృప్తిపడితిమి. పదునొక్కమందిలో ఈత వచ్చినవారు ఒక్కరే. వారు మా వాడలోని మామ్మగారు. వయస్సు అఱువదియేడు. పుట్టినిల్లు కోనసీమ. 1852 లో పూర్తియైన ధవళేశ్వరపు ఆనకట్టనుండి వచ్చు కాలువలు ఆ సీమలో ఇంటింటి పెరటిని తాకుచు పోవును. మామ్మగారు ఎనిమిదవ యేటనే అరటిబోదెను పట్టుకొని ఈత నేర్చినారట. పెండ్లియైన పిదప నలుబదియెనిమిది సంవత్సరములు నీట దిగలేదు. ఆనాడు కోడలి చుడీదారు ధరించి, అనుమతించిన చోట మెల్లగా దిగి, రెండు బారలు వేసిరి. పిమ్మట వెల్లకిలబడి కన్నులు మూసికొని నీటిపై తేలిరి.

“మామ్మగారూ, భయము లేదా?” అని అడిగితిమి.

“నీరు నాకు పుట్టింటి చుట్టమమ్మా. ఇన్నేండ్లకు మరల పలుకరించినది” అనిరి.

ఇంతలో జరిగినది వినుడు. మాతో వచ్చిన పదునాలుగేండ్ల బాలిక యొక రాతిపై కూర్చుండి కాళ్లాడించుచుండెను. రాతికి పాచి పట్టియున్నది. ఆమె జాఱినది. కేకలేదు, చప్పుడు లేదు. కన్నతల్లి రెండు బారల దూరమున అటు తిరిగి మాతో ముచ్చటించుచునే యున్నది. మేమెవ్వరమును వినలేదు. మామ్మగారు మాత్రము చూచి “డబ్బా!” అని అఱచిరి. మార్గదర్శకుడు మోకు విసరెను. బాలిక చేతికి డబ్బా తగిలినది. రెండుచేతులతో రొమ్మునకు హత్తుకొన్నది. గట్టునకు లాగితిమి. పదియంకెలు లెక్కించునంత సేపు పట్టలేదు. తల్లి బిడ్డను ఒడిలోనికి తీసికొని, మాటాడలేక, ఆ తడిజుట్టును కొంగుతో తుడుచుచునే యుండెను.

మనసు కుదుటబడిన పిదప మామ్మగారిని “మీరు ఈదుచుండియు బిడ్డను చేపట్టరైతిరేమి?” అని యడిగితిమి. “మునుగుచున్నవారు చేతికి చిక్కినదానినెల్ల కౌగిలింతురమ్మా. నేను పట్టుకొన్నచో ఇద్దఱము పోయియుందుము” అనిరి. మార్గదర్శకుడు తక్కిన సంగతులు చెప్పెను. అవి ప్రతి గృహిణియు ఎఱుగదగినవి గనుక ఇచ్చట వ్రాయుచున్నాము.

మునుగుచున్న మనిషి చేతులెత్తి కేకలు వేయుననుట తఱచుగా నిజము కాదు. ఊపిరికే చాలని నోటికి కేక ఎక్కడిది? నీరున్న చోట పిల్లలు నిశ్శబ్దమైరన్నచో అదియే అపాయసూచన. ఈత రానివారు రక్షించుటకై నీట దూకరాదు. మూత బిగించిన ఖాళీ డబ్బాయో, మోకో, పొడుగైన కఱ్ఱయో, ముడివేసిన చున్నీయో గట్టుననుండియే అందింపవలెను. చీర కట్టుకొని లోతునీట దిగరాదు. తడిసిన కుచ్చిళ్లు కాళ్లకు చుట్టుకొనును. ఒడ్డునకు చేర్చిన పిదప నీళ్లు కక్కింపవలెనని పొట్ట నొక్కుటయు, కాళ్లు పట్టి త్రిప్పుటయు మన పల్లెలలోని పాత అలవాటు. అది హానికరము. ఊపిరి ఆడనిచో ఆలసింపక 108 కు కబురు పంపుచు, నోటిలో నోరుంచి ఊపిరి ఊదవలెను. పిదప రొమ్ము నడుమ 30 మాఱులు గట్టిగా నొక్కి 2 మాఱులు ఊదుచు, సహాయము వచ్చువఱకు మానరాదు. తేఱుకొన్నవారినైనను వైద్యునికి చూపవలెను.

మధ్యాహ్నము భోజనానంతరము తడకు తిరిగివచ్చి, తూర్పుగా భీమునివారిపాలెపు రేవునకు పోయితిమి. ఎదుట పులికాటు. ఆ ప్రాంతపు తెలుగువారు దీనిని ప్రళయకావేరి యని పిలుతురు. స. వెం. రమేశ్ గారు ఆ పేరుతోనే అచ్చటి బ్రదుకులను కథలుగా వ్రాసియున్నారు. ఒడిస్సాలోని చిలికా తరువాత మన దేశమున ఇంత పెద్ద ఉప్పునీటి సరస్సు వేఱొకటి లేదు. దీనికిని బంగాళాఖాతమునకును నడుమ అడ్డుగా నిలిచినది శ్రీహరికోట దీవి. అచ్చటినుండియే మన దేశపు రాకెట్టులు నింగి కెగయుచున్నవి. కాళంగి, ఆరణి మొదలగు నేఱులు మంచినీటిని తెచ్చి పోయగా, మొగలగుండ సముద్రము ఉప్పునీటిని పంపును. వానలలో ఉప్పు తగ్గును, ఎండలలో హెచ్చును. ఇంత విస్తారమైనను లోతు సగటున ఒక మీటరు మాత్రమే. అడుగున మెత్తని బురద. ఇది ఈదులాడు నీరు కాదు, జీవులకు అన్నము పెట్టు నీరు.

ఆ బురదలోని చిన్నిప్రాణుల కొఱకే ఫ్లెమింగో పక్షులు వేలకొలది వచ్చి వ్రాలును. తల తలక్రిందులుగా నీట ముంచి, వంకరముక్కుతో బురదనీటిని వడగట్టి ఆహారము తీసికొనును. దూరమునుండి చూడగా నీటిపై గులాబివన్నె చీర ఆరవేసినట్లుండెను. గట్టునకు చేరువగా యానాది స్త్రీలు నడుములోతున వంగి, చేతులతో అడుగు తడవి రొయ్యలను పట్టి బుట్టలలో వేసికొనుచుండిరి. వారికి నీరు విహారము కాదు, నాటి కూలి. ఏ చోట ఎంత లోతో, ఏ గాలికి నీరెటు మళ్లునో వారి పాదములకు తెలియును. ఉదయము పాదములు తడుపుకొనుటకే వెఱచిన మేము వారియెదుట తలవంచుకొంటిమి.

పడవ యెక్కుటకు ముందు ప్రాణరక్షక కవచములను మెడనుండి నడుమువఱకు బిగించుకొంటిమి. లోతులేని సరస్సునకు ఇంత జాగ్రత్త యేల యని ఈమాఱు ఎవరును నవ్వలేదు. ఈ సరస్సు దక్షిణపు కొసను, పళవేర్కాడు వద్ద, 2011 డిసెంబరు 25 వ తేదీన విహారమునకు వచ్చిన కుటుంబముల పడవ తలక్రిందులై 20 మందికి పైగా మరణించిరి.

తిరుగు రైలులో బాలిక నిద్రించిన పిదప తల్లి మెల్లగా ననెను: “రెండేండ్ల క్రిందట వేసవి సెలవులలో ఇది ఈత నేర్చుకొందునని యడిగినది. ఎండకు నల్లబడుదువు, ఆడుపిల్లకు ఈత యెందులకని నేనే వద్దంటిని.” మాకు జ్ఞాపకము వచ్చెను. ఆనాడు ఆ మాటకు తలయూపినవారిలో మేమును ఉంటిమి. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 2024 లో వెలువరించిన నివేదిక ననుసరించి, 2021 లో ప్రపంచమున సుమారు 3 లక్షలమంది నీట మునిగి మరణించిరి. వారిలో ఇంచుమించు నాలుగవవంతు 5 ఏండ్ల లోపు పసివారు. అనగా అపాయము కొండమడుగులలోనే కాదు; మూత సరిగా లేని మన ఇంటి సంపులోను, నిండిన తొట్టిలోను ఉన్నది. ఈ పుట చదివిన వెంటనే మీ సంపు మూతను ఒకమాఱు చూచి రండు. బడియీడు పిల్లలకు ఈతయు, నీటియందు మెలగు జాగ్రత్తలును నేర్పుట ప్రాణములు నిలుపు ముఖ్యోపాయములలో నొకటియని ఆ సంస్థవారే చెప్పుచున్నారు.

వయస్సు మీఱినదని వెనుదీయువారికి మన తెలుగు సోదరి గోలి శ్యామల గారి సంగతి చెప్పెదము. సామర్లకోటవారైన ఈమె నలుబదియేండ్లు దాటిన పిదప ఈత నేర్చి, 2021 లో శ్రీలంకకును మన దేశమునకును నడుమనున్న పాక్ జలసంధిని, సుమారు 30 కిలోమీటర్లు, ఈది దాటిరి. 2025 జనవరిలో విశాఖపట్టణమునుండి కాకినాడవఱకు 150 కిలోమీటర్ల సముద్రమును దినమునకు కొంతగా ఈది ముగించిరి.

అందఱమును సంధులు దాటవలెనని మేము చెప్పుట లేదు. నీటిపై వెల్లకిల తేలి సహాయము వచ్చువఱకు ఊపిరి నిలుపుకొనగలిగిన చాలును. వంట నేర్పినట్లు, వీధి దాటుట నేర్పినట్లు, దీనిని కూడ మన బాలికలకు నేర్పవలెను. కొలనులు నడుపువారిని స్త్రీలకు ప్రత్యేకవేళలు అడుగుదము. ఒక్కరము పోయిన బిడియము. పదిమందిమి పోయిన అది అలవాటగును.

నాచారమునకు తిరిగివచ్చిన పిదప ఆదివారములందు ఆ తల్లియు, బిడ్డయు, మేమును, మఱియొకరును కలిసి ఈతకొలనునకు పోవుచున్నాము. బాలిక అప్పుడే కొలను అడ్డముగా ఈదుచున్నది. మొన్న మూడవ ఆదివారమున మేమును ముఖము నీటిలో నుంచి పదియంకెలు తాళితిమి. గట్టున కూర్చుండి లెక్కించినవారు మామ్మగారు.