రహదారులపై స్వయంనిగ్రహము

వేంపల్లెయందు రెండు ముఖ్యమైన బాటలు కలిసికొనుచున్నవి. ఒకటి కడపనుండి పులివెందులకు పోవునది. రెండవది రాయచోటినుండి ఎఱ్ఱగుంట్ల మీదుగా ప్రొద్దుటూరునకు పోవునది. అరటిగెలల లారీలకు, చీనీకాయల బండ్లకు, ఇడుపులపాయ విద్యార్థులకు, శ్రావణ శనివారములందు గండి ఆంజనేయస్వామి దర్శనార్థము వచ్చు భక్తులకు ఇవియే దారులు. బాటలు నునుపైనవి, బండ్లు బలిసినవి. బండి నడుపువాని బుద్ధి మాత్రము ఆ మేరకు పెరిగినదని చెప్పజాలము.

ప్రమాదము జరిగినంతనే విధిని దూషించుట మనకు అలవాటు. విధి చాలనిచో మలుపును, గుంతను, ప్రభుత్వమును దూషింతుము. బాటల లోపములకు ప్రభుత్వమే ఉత్తరవాది, సందేహము లేదు. కాని కేంద్ర రవాణాశాఖవారి లెక్కలు మఱియొక కథను చెప్పుచున్నవి. 2022లో దేశమున 4,61,312 ప్రమాదములు జరిగి 1,68,491 మంది మృతినొందిరి. అందు నూటికి 71 మరణములు అతివేగము పద్దున చేరినవి. ఆ యేడు శిరస్త్రాణము లేక మరణించినవారు 50,029 మంది. సీటుబెల్టు ధరింపక మరణించినవారు 16,715 మంది. ఇది విధిలిఖితమా? మానవుని చేష్టయే యని మేము చెప్పక తప్పదు.

వేగముయొక్క గణితము నిర్దాక్షిణ్యమైనది. గంటకు 80 కిలోమీటర్ల వేగమున పోవువాడు రెండు సెకనులు ఫోనువంక చూచినచో బండి 44 మీటర్లు గ్రుడ్డిదై పరుగెత్తును. వేగము రెండింతలైనచో, బ్రేకు నొక్కిన పిమ్మట ఆగుటకు నాలుగింతల దూరము వలయును. బరువు లారీ కనుమ దిగునపుడు బ్రేకులనే నమ్ముకొనినచో అవి వేడెక్కి పట్టు తప్పును. తక్కువ గేరున నిదానముగా దిగుటయే ఉపాయము. కడప, రాయచోటిల నడుమ గువ్వలచెరువు కనుమలో 2024 ఆగస్టునందును, 2025 మే నెలయందును జరిగిన లారీ ప్రమాదములలో కారులలోని వారు ప్రాణములు కోల్పోయిరి. ఆ దుఃఖము మన జిల్లా మఱువరానిది.

అయినను డ్రైవరొక్కనిని దోషిగా నిలిపి చేతులు కడుగుకొనుట న్యాయము కాదు. 2021 ఫిబ్రవరి 14వ తేది తెల్లవాఱుజామున కర్నూలు జిల్లా మాదార్పురము వద్ద మదనపల్లె యాత్రికుల బండి ఎదుటి లారీని ఢీకొని 14 మంది మరణించిరి. డ్రైవరు కునుకు తీసియుండునన్న అనుమానము నాడే కలిగెను. రాత్రియెల్ల నిద్రలేక చక్రము పట్టువాని కన్ను మూతపడుట శరీరధర్మము. రవాణా కార్మికునకు సాధారణముగా దినమునకు 8 గంటల పనియే యని 1961 నాటి చట్టము విధించినది. గడువు దాటినచో బాడుగ కోయుదునని బెదరించు యజమాని, రెండవ డ్రైవరు జీతము మిగుల్చుకొను యజమాని, వీరు బండిలో లేకున్నను వేగమును నడుపుచున్నది వీరే.

మా పాఠకులలో భూస్వాములు, వర్తకులు, లారీల యజమానులు పెక్కురు కలరు. వారికి మేము నిర్మొహమాటముగా విన్నవించుచున్నాము. కూలీలను ట్రాక్టరు ట్రాలీలో క్రిక్కిఱియ నెక్కించి పొలమునకు పంపకుడు. మీసము మొలవని కుమారునకు మోటారుసైకిలు తాళము నిచ్చి మురియకుడు. బాలుడు బండి నడిపి నేరము చేసినచో తండ్రికో, బండి యజమానికో మూడేండ్ల వరకు కారాగారమును, 25,000 రూపాయల జరిమానాను 2019 నాటి సవరణ విధించుచున్నది. కుమారుని పోగొట్టుకొనిన తండ్రికి ఆ జరిమానా ఒక లెక్కయా?

అధికారులును పండుగ దినములందు మాత్రమే కాక రాత్రివేళలందును వేగమును, మద్యపానమును పరీక్షింపవలెను. పట్టుబడినవానికై నాయకులచేత సిఫారసు చేయించు దురాచారము అంతరింపవలెను. పరులు నియమించిన కట్టుబాటును ధిక్కరించుట ఒకనాడు దేశభక్తి యయ్యెను. మనము నియమించుకొనిన కట్టుబాటును ధిక్కరించుట నేడు పొరుగువాని ప్రాణమునకు ద్రోహము. తన్ను తాను ఏలుకొనలేనివాడు బండిని ఏలలేడు. నిదానమే ప్రధానమను పెద్దల మాట బాట ప్రక్కన వ్రాసినంత మాత్రమున చాలదు. చక్రము పట్టిన చేతికిని, ఆ చేతికి పని చెప్పు నోటికిని అది అలవడవలెను.