సెప్టెంబరు 28 మనకేమవుతుంది?

పత్రికల్లో ‘చరిత్రలో ఈ రోజు’ గడికి ఇంకా కాలం చెల్లలేదు. సెప్టెంబరు 28 వచ్చిందంటే అందులో రెండు బ్రిటిష్ సంగతులు ఖాయం. 1066లో ఆ రోజున నార్మండీ ప్రభువు విలియం సేనతో పెవెన్సీ తీరంలో దిగాడు. ఏడాది తిరక్కుండానే ఇంగ్లండు సింహాసనం అతనిదైంది. 1928లో అదే రోజున లండన్ సెయింట్ మేరీస్ ఆసుపత్రిలో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ బూజు పట్టిన గాజు పళ్లెంలో పెన్సిలిన్ జాడ పట్టాడు. గడి నింపేది హైదరాబాదు వాళ్లయితే మూడోది కూడా చేరుతుంది: 1908 మూసీ వరద, సుమారు పదిహేను వేల ప్రాణాలు. మూడింటినీ పక్కపక్కన కూర్చోబెట్టేసరికి వాటికేదో చుట్టరికం ఉన్నట్టు కనిపిస్తుంది. నిజానికి అవి ఒకే రోజువి కూడా కావు. విలియం దిగింది పాత జూలియన్ లెక్కలో. ఇప్పటి లెక్కకు తెస్తే అది అక్టోబరు 4. బ్రిటన్ 1752లో పంచాంగం మార్చుకున్నప్పుడు సెప్టెంబరు 2 మర్నాడు 14 అయి కూర్చుంది, పదకొండు రోజులు గల్లంతు. ఇక మూసీ పొంగిన నాటికి నిజాం దఫ్తర్లలో నడిచింది ఫస్లీ లెక్క. పాత పహాణీలు తిరగేసే చేవెళ్ల రైతుకు ఆ మాట కొత్త కాదు.

తేదీ కలవడం బంధుత్వం కాదు, ఒక సంఘటన కడుపున ఇంకొకటి పుడితేనే బంధుత్వం అంటాను నేను. అందుకు సాక్ష్యం మొయినాబాద్ నేలమీదే ఉంది. మూసీ పుట్టేది వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండల్లో. ఆ నీరు హైదరాబాదు చేరేలోపు పడమటి ఊళ్ల చెరువులన్నీ దాన్ని పంచుకుంటాయి. 1908 విపత్తు మీద నివేదిక రాసిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఎగువ పరివాహకంలో 788 చెరువులున్నాయని, వాటిలో 221 తెగాయని లెక్క తేల్చారు. నగరాన్ని ముంచింది ఒక్క వాన కాదు, వరసగా తెగిన కట్టలు కూడా. ఆయన సూచనతోనే మూసీ మీద 1920లో ఉస్మాన్‌సాగర్ (గండిపేట), దాని ఉపనది ఈసీ మీద 1927లో హిమాయత్‌సాగర్ లేచాయి. ఈ రెండింటి నడుమ పడ్డ మండలం మొయినాబాద్. ఆ జలాశయాల నీరు చెడిపోకుండా 1996 మార్చి 8న 111 జీవో వచ్చింది. పది కిలోమీటర్ల పరిధిలో, 84 గ్రామాల్లో పరిశ్రమలకు, పెద్ద కట్టడాలకు ఆంక్షలు. మొయినాబాద్‌తో పాటు చేవెళ్ల, శంకర్‌పల్లి, షాబాద్, శంషాబాద్ మండలాల ఊళ్లూ అందులో ఉన్నాయి. ఆ పరిధిలోని పెద్దషాపూర్‌లో ఆముదం నూనె ఫ్యాక్టరీ పెట్టబోయిన కంపెనీ వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా వెళ్లినా అనుమతి దక్కలేదు. 2022 ఏప్రిల్ 12న 69 జీవోతో ప్రభుత్వం ఆ ఆంక్షలు సడలించింది. ఇన్నేళ్లుగా ఇక్కడ ఎకరం కొనబోయేవాడు మొదట అడిగే ప్రశ్న ‘ట్రిపుల్ వన్‌లో ఉందా?’ అనే. ఆ ప్రశ్న వేరు 1908 వరదలో ఉంది. సెప్టెంబరు 28, మార్చి 8, ఏప్రిల్ 12: క్యాలెండరులో ఒకదానికొకటి ముఖమైనా చూసుకోవు, అయినా ఒకే వంశం. మార్చి 8 గడిలో మాత్రం 1702లో రాణి ఆన్ గద్దెనెక్కిన ముచ్చట ఉంటుంది, మన జీవో ఉండదు.

కొన్ని తేదీలు కావాలనే కలిపినవి కదా అని ఎవరైనా అడగొచ్చు. నిజమే, ఆగస్టు 15 అలాంటిదే. 1945లో జపాన్ లొంగుబాటును ప్రకటించిన రోజది. ఆగ్నేయాసియాలో మిత్రరాజ్యాల సేనలను నడిపిన మౌంట్‌బాటన్ రెండేళ్ల తర్వాత భారత స్వాతంత్ర్యానికి అదే తేదీ ఎంచుకున్నాడు. 1978లో రంగారెడ్డి జిల్లా పుట్టిందీ ఆ రోజునే. పేరు మాత్రం తర్వాత మొయినాబాద్ మండలం పెద్దమంగళారంలో పుట్టిన కొండా వెంకట రంగారెడ్డిది పెట్టారు. కాని ఇక్కడా లంకె తేదీలో లేదు, ఎంచుకున్నవారి మనసులో ఉంది. 1947 ఆగస్టు 15, శుక్రవారం, చేవెళ్ల ఇంకా నిజాం ఏలుబడిలోనే ఉంది. ఆ రోజు హైదరాబాదులో స్టేట్ కాంగ్రెస్ నాయకుడు స్వామి రామానంద తీర్థను అరెస్టు చేశారు. ఇక్కడ నిజాం ఏలుబడి ముగిసింది 1948 సెప్టెంబరు 17న, అదీ శుక్రవారమే. (వారం కలిసింది కదా అని దీనికీ ఒక గడి కట్టకండి.) 2016లో జిల్లాను విడగొట్టినప్పుడు పాలకులు తేదీ చూడలేదు, దసరా చూశారు, అది అక్టోబరు 11న పడింది.

పిల్లలకు గుర్తుండటానికి ఏదో ఒక కొక్కెం ఉండాలి కదా, తేదీ అయితే తప్పేమిటి అనే వాదన ఇంకొకటి. తప్పు లేదు. కొక్కేనికి చొక్కా తగిలించాలి గాని, కొక్కేన్నే తొడుక్కోమంటే ఎలా? క్విజ్ పోటీలో పెవెన్సీ పేరు చెప్పగలిగి, తన ఊరి పొలం మీద ఇన్నేళ్లు ఆంక్ష ఎందుకుందో చెప్పలేని పిల్లవాడికి మనం నేర్పింది ఏమిటి? వందేళ్ల కిందటి వరద కోసం మా భూములకు తాళమెందుకని అడిగే రైతు గోడు న్యాయమైనదే. నగరం నీళ్లు తాగింది, ధర మాత్రం పల్లె కట్టింది. ఆ గోడుకు జవాబు చెప్పాలన్నా, జలాశయాలను కాపాడాలని వాదించాలన్నా 1908 నుంచి 2022 దాకా ఉన్న వరస తెలిసి ఉండాలి. అది తెలియకపోతే రెండు పక్షాల వారికీ మిగిలేది గజం ధర ఒక్కటే.

మొయినాబాద్, చేవెళ్ల మండలాల బడి పంతుళ్లకు ఒక మనవి. ఈసారి సెప్టెంబరు 28న విలియంకు ఒక్క వాక్యం ఇచ్చి, పిల్లల్ని ఊరి చెరువు కట్ట మీదికి తీసుకెళ్లండి. అలుగు ఏ వైపు పారుతుందో, ఆ నీరు గండిపేటకు పోతుందో హిమాయత్‌సాగర్‌కు పోతుందో వాళ్లచేతనే చెప్పించండి.