గర్భిణికి షికారు విలాసం కాదు

పదవీ విరమణ చేసినా వైద్యుడికి సాయంత్రాలు పూర్తిగా సొంతం కావు. పాత పరిచయస్తులు, వారి పిల్లలు, ఆ పిల్లలు చెప్పగా విన్నవారు ఏదో ఒక సందేహం పట్టుకొని మా అరుగు మీదికి వస్తూనే ఉంటారు. ఆ మధ్య సంక్రాంతి వెళ్ళిన మరుసటి వారంలో, రెండు రోజుల తేడాతో రెండు యువ జంటలు వచ్చాయి. ఇద్దరు స్త్రీలూ గర్భవతులే, ఇద్దరికీ తొలిచూలే. రెండు జంటలూ అడిగిన ప్రశ్న కూడా ఒకటే: "ఈ స్థితిలో ప్రయాణం చేయవచ్చా?"

మొదటి జంట గుంటూరువారు. భర్త హైదరాబాదు కంపెనీకి ఇంట్లో కూర్చొనే పని చేస్తాడు. భార్యకు ఐదో నెల. మూడు నెలలుగా ఆసుపత్రికి, స్కానింగుకు తప్ప ఆమె గడప దాటలేదు. ఒక్కసారి సూర్యలంక సముద్రం చూసి రావాలని ఆమె కోరిక. "కడుపుతో ఉన్న పిల్లకు సముద్రపు గాలేమిటి, దిష్టి తగలదూ?" అని అత్తగారి అభ్యంతరం. రెండో జంట కోసిగి వైపు నుంచి మిరపకోతకు వచ్చిన కూలీలు. ఆమెకు ఆరో నెల. ప్రత్తిపాడు దగ్గర చేలో పట్టాలతో వేసుకున్న గుడిసెలో ఉంటున్నారు. ఉగాదికి ముఠా అంతా లారీలో ఊరికి తిరిగి వెళుతుంది, ఆమె ఆ లారీ ఎక్కవచ్చా అని అతని సందేహం.

ఒకరు బయటికి పోనివ్వని ఇంటి నుంచి వచ్చారు. ఇంకొకరికి పోవడానికి ఇల్లే లేదు. ఒకామెను అడుగు కదపనివ్వడం లేదు, ఇంకొకామెను కూర్చోనివ్వడం లేదు. ఈ రెండూ ఒకే పొరపాటుకు రెండు ముఖాలని నా అభిప్రాయం. కడుపులో ఉన్న బిడ్డను గురించి అందరూ ఆలోచిస్తున్నారు. ఆ బిడ్డను మోస్తున్న మనిషికి కూడా ఒక దినచర్య, ఒక విశ్రాంతి, ఒక సరదా కావాలన్న సంగతే ఎవరికీ గుర్తుకు రావడం లేదు.

మన పెద్దలు ఈ విషయం ఎరగనివారేమీ కారు. ఆయుర్వేదం గర్భిణిని 'దౌహృదిని' అన్నది, అంటే రెండు హృదయాలు గలది. ఆమె కోరికలను సాధ్యమైనంతవరకు తీర్చాలని చెప్పింది. ఉత్తర రామాయణ కథలో గర్భవతి అయిన సీతను నీకేమి కోరిక అని రాముడు అడుగుతాడు. గంగాతీరంలోని మునుల ఆశ్రమాలను చూడాలని ఉందని ఆమె అంటుంది. పట్టుచీర కాదు, నగ కాదు, ఆమె కోరినది విహారం. ఆ తరువాత ఏమి జరిగిందో తెలుగువారికి చెప్పనక్కరలేదు. ఆమె రథం ఎక్కింది కాని భర్త పక్కన లేడు. కథలోని ధర్మాధర్మాల జోలికి నేను పోను. వైద్యుడిగా నాకు అందులో తోచేది ఒక్కటే: గర్భిణి బయటికి వెళ్ళాలనుకోవడం తప్పు కాదు, పక్కన భర్త లేకపోవడమే లోటు.

పూర్వాచారంలో 'గర్భిణీపతి'కి కూడా కొన్ని నియమాలు ఉన్నాయి. అతడు దూర ప్రయాణాలు చేయరాదు, సముద్రస్నానం చేయరాదు, శవాన్ని మోయరాదు, చెట్లు నరకరాదు అన్నారు. వీటికి శాస్త్రీయ కారణాలు వెదకనక్కరలేదు. కాని వీటి వెనుక ఉన్న భావం నాకు నచ్చుతుంది. గర్భం భార్యదే అయినా దీక్ష ఇద్దరిదీ. మనం చేసినదేమిటంటే, భార్యకు పెట్టిన నిషేధాలన్నిటినీ పదిలంగా దాచుకొని, భర్తకు పెట్టినవాటిని మరిచిపోయాము.

ఇక వైద్యం సంగతి. గర్భం వ్యాధి కాదు. ఇబ్బందులేవీ లేని గర్భిణి వారానికి కనీసం 150 నిమిషాలు ఒక మోస్తరు వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ప్రకటించిన మార్గదర్శకాలలో ఉంది. అంటే వారానికి ఐదు రోజులు, రోజుకు అరగంట నడక. మాట్లాడుతూ నడవగలిగినంత వేగం చాలు. ఈ నడక బరువును అదుపులో ఉంచుతుంది, మలబద్ధకాన్ని, నడుము నొప్పిని తగ్గిస్తుంది, గర్భకాలపు మధుమేహం వచ్చే అవకాశాన్ని కూడా తగ్గిస్తుంది. వీటన్నిటికన్నా ముఖ్యం, మనసు తేలికపడుతుంది. నాలుగు గోడల మధ్య ఫోను చూస్తూ, కాన్పు గురించి విన్న ప్రతి భయంకర కథనూ నెమరు వేసుకునే యువతికి సాయంత్రం భర్తతో వేసే నాలుగడుగులు ఏ మాత్రకూ తీసిపోవు.

ప్రయాణానికి అనువైన కాలం నాలుగో నెల నుంచి ఏడో నెల వరకు. అప్పటికి వేవిళ్ళు తగ్గుతాయి, పొట్ట భారం ఇంకా పెరగదు. రక్తస్రావం, అధిక రక్తపోటు, మాయ కిందికి ఉండడం, కవల పిల్లలు, గతంలో నెలలు నిండని కాన్పు వంటివి ఉన్నవారు మాత్రం తమ వైద్యురాలిని అడగకుండా కదలరాదు. కారులో వెళ్ళేవారు బెల్టు తప్పక పెట్టుకోవాలి. కింది పట్టీ పొట్ట మీద కాక పొట్ట కింద తుంటి మీదుగా, పై పట్టీ రొమ్ముల మధ్యగా రావాలి. గంటన్నరకొకసారి దిగి కాస్త నడవాలి. ఒకేచోట కాళ్ళు వేలాడేసి గంటల తరబడి కూర్చుంటే కాలి సిరలలో రక్తం గడ్డకట్టే ప్రమాదం గర్భిణులకు ఎక్కువ. తల్లీబిడ్డల రక్షణ కార్డు, మంచినీళ్ళు, తినడానికి ఏదైనా సంచిలో ఉండాలి.

అందుకే ఆ గుంటూరు జంటతో, నిక్షేపంగా వెళ్ళిరండి అన్నాను. సూర్యలంక సుమారు 60 కిలోమీటర్లు. తెల్లవారుజామున బయలుదేరి ఎండ ముదరకముందే తిరిగి రావచ్చు. ఇసుకలో నడవండి, అలలలోకి దిగవద్దు అని మాత్రం హెచ్చరించాను. అంత దూరం వద్దనుకునేవారికి గుంటూరు పక్కనే ఉప్పలపాడు చెరువు ఉంది. శీతకాలపు ఉదయం గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు గూళ్ళు కట్టి పిల్లలకు మేత పెడుతూ ఉంటే చూడడం కన్నా కాబోయే తల్లిదండ్రులకు తగిన వినోదం నాకు తోచదు. కోటప్పకొండకు మామూలు రోజులలో ఘాట్ రోడ్డు మీదుగా వెళ్ళి స్వామిని దర్శించుకోవచ్చు. శివరాత్రి తిరునాళ్ళలో, ప్రభల మధ్య, మైకుల హోరులో, ఆ జనసమ్మర్దంలోకి మాత్రం గర్భిణిని తీసుకువెళ్ళరాదు. ఉండవల్లి గుహల మెట్లు ఎక్కడం కన్నా కృష్ణ ఒడ్డున చల్లగాలికి కూర్చోవడం మేలు.

ఇప్పుడు ఇంకొక వేడుక వచ్చింది. కాన్పుకు ముందు పొడవాటి గౌను వేసి, మిట్టమధ్యాహ్నం సముద్రపు ఒడ్డున నాలుగు గంటలు నిలబెట్టి ఫొటోలు తీయించడం. జ్ఞాపకాలు దాచుకోవద్దని అనను. ఆ గౌను తొడుక్కున్న అమ్మాయి ఎన్నిసార్లు కూర్చున్నది, ఎన్ని గ్లాసుల నీళ్ళు తాగింది అని ఫొటో తీసేవాడు అడగడు, భర్త అడగాలి. సీమంతాలు కూడా ఫంక్షన్ హాళ్ళకు చేరాయి. కడుపు చలిమిడి పెట్టి, గాజులు తొడిగి, ముత్తయిదువలు నలుగురు దీవించిన పాత వేడుకలో ఆమె కూర్చొనేది, అందరూ ఆమె దగ్గరకు వచ్చేవారు. ఇప్పుడు ఆమె మూడు గంటలు వేదిక మీద నిలబడుతోంది.

ఇక రెండో జంట. నిజానికి ఈ వ్యాసం వారి కోసమే మొదలుపెట్టాను.

ఆమెకు కళ్ళు పాలిపోయి ఉన్నాయి. పెద్దగా పరీక్ష చేయకుండానే రక్తహీనత తెలుస్తోంది. 2019–21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలోని గర్భిణులలో 52.2 శాతం మందికి రక్తహీనత ఉంది. అంటే అది ఆమె ఒక్కదాని దురదృష్టం కాదు. పొద్దున్నే చేలో దిగితే పొద్దుగూకేవరకు వంగి కాయ కోయాలి. కల్లంలో తాలుకాయలు ఏరాలి. ఆ ఘాటుకు వచ్చే దగ్గు, దగ్గుతో వచ్చే వాంతి, వాంతితో పోయే తిండి. పక్క చేలో పురుగుమందు కొడుతుంటే ఆ తుంపరలు వీరి మీదికే వస్తాయి. మందు కొట్టి వచ్చిన భర్త ఆ బట్టలతోనే గుడిసెలోకి వస్తాడు, ఆ బట్టలు ఆమే ఉతుకుతుంది.

కొన్నాళ్ళు ఆమెను పనిలోకి పంపవద్దు అన్నాను. అతడు తల వంచుకొని, "ఇద్దరం కోస్తేనే సారూ నాలుగు రూకలు మిగిలేది" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

2017లో ప్రసూతి ప్రయోజన చట్టాన్ని సవరించి, సెలవును 12 వారాల నుంచి 26 వారాలకు పెంచారు. చాలా మంచి పని. కాని ఆ సెలవు నెలజీతం ఉన్న ఆడపిల్లను ఆదుకుంటుంది. రోజుకూలీకి యజమాని ఎవరు? ఈ రోజు ఒకరి చేను, రేపు ఇంకొకరిది. ప్రధానమంత్రి మాతృ వందన యోజన కింద తొలికాన్పుకు ఇచ్చేది 5,000 రూపాయలు. అది విడతలుగా వచ్చేలోపు కోత కాలం అయిపోతుంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి అయిన తండ్రికి 15 రోజుల సెలవు ఉంది. మిరపచేలో తండ్రికి ఒక పూట సెలవు అడిగే హక్కు కూడా లేదు. విశ్రాంతి అనేది జీతం ఉన్నవారికే దొరికే వస్తువుగా ఉన్నంతకాలం, గర్భిణుల ఆరోగ్యం గురించి మనం చెప్పే మాటలలో సగం వృథా.

ప్రభుత్వం చేయవలసినది ఎలాగూ ఉంది. ఈలోగా రైతులు, మేస్త్రీలు చేయగలిగినవి కూడా కొన్ని ఉన్నాయి. ముఠాలో గర్భిణి ఉంటే ఆమెను కాయకోత నుంచి తప్పించి, కల్లానికి దూరంగా, నీడపట్టున, కూర్చొని చేసే పని ఇవ్వవచ్చు. మందు కొట్టే రోజున ఆమెను ఆ ఛాయలకు రానివ్వకుండా చూడవచ్చు. మందు కొట్టినవాడు బయటే స్నానం చేసి, బట్టలు విడిగా తానే ఉతుక్కోవాలి. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రులలో గర్భిణులకు ఉచితంగా పరీక్షలు చేస్తారు. ఆ పూట కూలి కోయకుండా ఆమెను, ఆమె భర్తను కూడా పంపితే అంతకు మించిన పుణ్యం లేదు. వలస వచ్చినవారు కూడా ఆ ఊరి ఆశా కార్యకర్తను కలిస్తే ఇనుము, ఫోలిక్ ఆమ్లం మాత్రలు దొరుకుతాయి. 180 రోజులు వేసుకోవాలి. టీతో కలిపి వేసుకుంటే ఇనుము ఒంటికి పట్టదు, నిమ్మరసంతో అయితే బాగా పడుతుంది.

లారీ మాత్రం వద్దని గట్టిగా చెప్పాను. 2020 మే నెలలో ప్రకాశం జిల్లా నాగులుప్పలపాడు మండలంలో మిరపకూలీలతో వస్తున్న ట్రాక్టరు విద్యుత్ స్తంభాన్ని ఢీకొని, పలువురు చనిపోయిన దుర్ఘటన ఈ ప్రాంతం మరిచిపోలేదు. ఉగాది నాటికి ఆమెకు తొమ్మిదో నెల దగ్గరపడుతుంది. అందువల్ల అంతకు ముందే, శివరాత్రి ప్రాంతంలో, రైలులో వెళ్ళమన్నాను. గుంటూరు నుంచి నరసరావుపేట, మార్కాపురం, నంద్యాల మీదుగా గుంతకల్లు, అక్కడి నుంచి కోసిగి. కుదుపు తక్కువ, కాళ్ళు చాపుకోవచ్చు, లేచి నడవవచ్చు. తలనొప్పి, కళ్ళు మసకబారడం, ముఖం వాపు, రక్తస్రావం, ఉమ్మనీరు పోవడం, బిడ్డ కదలిక తగ్గడం, వీటిలో ఏది కనిపించినా దారిలోనే దిగి 108కు ఫోను చేయమని అతనికి రెండుసార్లు చెప్పాను. అతడు తిరిగి నాకు ఒప్పజెప్పాడు.

గుంటూరు అమ్మాయి సముద్రం చూసి వచ్చి, తడి ఇసుకలో తన అడుగుల పక్కన భర్త అడుగులు ఉన్న ఫొటో పంపింది. వారితో అత్తగారు కూడా వెళ్ళారట, సంతోషం. కోసిగి అతను శివరాత్రి వెళ్ళిన వారానికి ఎవరి ఫోను నుంచో మాట్లాడాడు. రైలులో కిటికీ పక్క చోటు దొరికిందట. నల్లమల గుండా పోతున్నంతసేపూ ఆమె బయటికి చూస్తూనే ఉన్నదట. "పెండ్లయినంక ఇద్దరం ఇట్లా ఊరికే కూర్చున్నది ఇదే సారూ" అన్నాడు.

మీ ఇంట్లో గర్భిణి ఉంటే ఈ రోజు ఆమె ఎన్ని మాత్రలు వేసుకున్నదని అడగండి. ఎంతసేపు కూర్చున్నది, ఎంత దూరం నడిచింది, ఎవరితో నవ్వింది అని కూడా అడగండి. మీ చేలో గర్భిణి ఉంటే, ఈ ప్రశ్నలే ఆమెకూ వర్తిస్తాయి.