దారుఢ్యం సన్నగిల్లితే దేశానికే చేటు

దేశంలోని వయోజనుల్లో దాదాపు సగం మంది ఆరోగ్యానికి చాలినంత శారీరక శ్రమ చేయడం లేదన్న వాస్తవం పాలకులను కలవరపరచవలసిన విషయం. ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధకుల అధ్యయనం ప్రకారం 2000లో 22.3 శాతంగా ఉన్న ఇట్టివారు 2022 నాటికి 49.4 శాతానికి పెరిగారు. మహిళల్లో ఇది 57 శాతం కావడం మరింత ఆందోళనకరం. ఇదే ధోరణి కొనసాగితే 2030 నాటికి 60 శాతానికి చేరవచ్చునని 2024లో వెలువడిన ఆ అధ్యయనం హెచ్చరించింది.

శ్రమ కరవైన శరీరంలో ముందుగా సన్నగిల్లేది గుండె, ఊపిరితిత్తుల దారుఢ్యం. ప్రాణవాయువును గ్రహించి, రక్తం ద్వారా కండరాలకు చేరవేయగల సామర్థ్యమే అది. 1953లో జెర్రీ మారిస్ లండన్ బస్సు సిబ్బందిపై ప్రకటించిన పరిశీలనలో, రోజంతా కూర్చుని ఉండే డ్రైవర్లకన్నా డబుల్ డెక్కర్ బస్సుల మెట్లెక్కి దిగే కండక్టర్లలో గుండెజబ్బు తక్కువని తేలింది. అమెరికాలో స్టీవెన్ బ్లెయిర్ బృందం 13 వేలకు పైగా స్త్రీపురుషులను ట్రెడ్‌మిల్‌పై పరీక్షించి, సగటున ఎనిమిదేళ్లు గమనించి, 1989లో ఫలితాలు వెల్లడించింది. దారుఢ్యం అత్యల్పంగా ఉన్నవారికీ, వారికి ఒక్క మెట్టు పైనున్నవారికీ నడుమనే మరణాల రేటులో పెద్ద అంతరం కనిపించింది. అంటే, మేలు పొందడానికి ఎవరూ క్రీడాకారులు కానక్కరలేదు.

ఈ దారుఢ్యాన్ని నాడి, రక్తపోటుల మాదిరిగానే వైద్యులు పరిగణించాలని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2016లో సూచించింది. మన దేశంలో ముప్పయ్యేళ్లు దాటినవారికి ప్రభుత్వం జరిపే పరీక్షల్లో రక్తపోటు, చక్కెర చూస్తారు. వ్యాయామం చేస్తున్నారా అని అడుగుతారు. దారుఢ్యాన్ని మాత్రం కొలవరు. ఆరు నిమిషాల్లో మనిషి ఎంత దూరం నడవగలడో చూసే పరీక్షకు ఖరీదైన యంత్రాలేవీ అక్కరలేదు. అది పరిపూర్ణమైన కొలత కాకపోవచ్చు. అసలే కొలవకపోవడం కన్నా మేలు.

భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో వెల్లడించిన అంచనా ప్రకారం దేశంలో 10.1 కోట్ల మంది మధుమేహులున్నారు, 31.5 కోట్ల మందికి అధిక రక్తపోటు ఉంది. మానసిక వ్యాధులతో సహా అసాంక్రమిక వ్యాధుల వల్ల 2012-2030 మధ్య భారత్ 4.58 లక్షల కోట్ల డాలర్లు నష్టపోగలదని ప్రపంచ ఆర్థిక వేదిక, హార్వర్డ్ నిపుణులు 2014లోనే లెక్కగట్టారు. సంపాదించవలసిన వయసులో మనిషి మంచాన పడితే ఆ కుటుంబం అప్పులపాలవుతుంది, ఉత్పత్తి కుంటుపడుతుంది.

వారానికి కనీసం 150 నిమిషాల చురుకైన నడక అవసరమని నిపుణుల మాట. అయితే నడవడానికి చోటేదీ? కాలిబాటలను దుకాణాలు, వాహనాలు ఆక్రమించిన నగరాల్లో ఈ హితవు పరిహాసంగానే ధ్వనిస్తుంది. ఇంటి చాకిరీతో తీరికలేని, చీకటి పడితే వీధిలోకి రావడానికి జంకే మహిళ విషయంలో మరీనూ. వాహనాలకు కాక మనుషులకు ప్రాధాన్యమివ్వాలని 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానమే చెప్పింది. 2019లో కేంద్రం ఫిట్ ఇండియా ఉద్యమాన్ని ఆరంభించింది. నినాదాలకు కొదవ లేదు. కొరవడినది ఆచరణే.

వ్యక్తి బాధ్యతను ఎవరూ కాదనరు. కానీ కాలిబాట, దీపాల వెలుగు, బడిలో ఆటస్థలం పౌరుడు ఒంటరిగా సమకూర్చుకోగలిగినవి కావు. వీటిపై వెచ్చించే సొమ్మును పట్టణ సుందరీకరణ పద్దులో కాక ప్రజారోగ్య పద్దులో చూడడం ప్రభుత్వాలు నేర్చుకోవాలి. రేపటి ఆసుపత్రుల భారాన్ని తగ్గించుకునే మార్గాల్లో ఇంతకన్నా చౌకైనది అరుదు.