తుపాను పేరు చూడాలా, వాన జాడ చూడాలా?
హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పల్లెల్లో ఏటా అదే చర్చ

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం: బంగాళాఖాతంలో వాయుగుండం ఏర్పడిందన్న వార్త వినిపిస్తే చాలు, అక్టోబరు మొదలు డిసెంబరు దాకా ఈ మూడు పట్టణాల పరిసర గ్రామాలలో రచ్చకట్టల మీద, టీ అంగళ్ళ వద్ద ఒకటే చర్చ సాగుతుంది. ఈ తుపాను మనదాకా వస్తుందా? వస్తే చెరువు నింపుతుందా, చేను ముంచుతుందా?

ఈ చర్చలో రెండు పక్షాలున్నాయి. సముద్రం ఎక్కడ, మనమెక్కడ అనేది మొదటి పక్షం. ఈ మాటలో నిజం లేకపోలేదు. ధర్మవరం నుంచి గానీ, హిందూపురం నుంచి గానీ తీరం 250 కిలోమీటర్లకు పైగా దూరం. 1977 నవంబరు 19న దివిసీమను ముంచి వేలాదిమందిని పొట్టన పెట్టుకున్న ఉప్పెన వంటిది ఇక్కడికి రాదు. 2014 అక్టోబరు 12న విశాఖపట్నాన్ని అతలాకుతలం చేసిన హుద్‌హుద్ ఈ ప్రాంతానికి ఒరగబెట్టిందేమీ లేదు. ఆ ఏడు ఇక్కడ కరువు తప్పలేదు. అందుకే, తుపాను అని రేడియో చెబితే మనకు మబ్బే మిగులుతుందని పెద్దలు తేలికగా తీసుకుంటారు.

రెండవ పక్షంవారు 2021 నవంబరును గుర్తు చేస్తారు.

పేరు లేని వాయుగుండం

2021 నవంబరు 19 తెల్లవారుజామున చెన్నై సమీపంలో తీరం దాటినది తుపాను కాదు, వాయుగుండం మాత్రమే. తుపాను స్థాయికి చేరలేదు గనుక దానికి పేరు కూడా పెట్టలేదు. అయినా రాయలసీమ మీదుగా సాగి కుండపోతగా కురిసింది. కడప జిల్లాలో చెయ్యేరుపై అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, రాజంపేట ప్రాంతంలో ఊళ్ళు కొట్టుకుపోయాయి. ఇటు చిత్రావతి పొంగింది. చెన్నేకొత్తపల్లి మండలం వెల్దుర్తి వద్ద ఏటిలో కారు చిక్కుకుపోగా, వారిని రక్షించబోయి జేసీబీతో దిగినవారు కూడా ప్రవాహం మధ్యన నిలిచిపోయారు. చివరకు వైమానిక దళం హెలికాప్టరు వచ్చి 10 మందిని ఒడ్డుకు చేర్చింది. ఆ మరునాడే, నవంబరు 20న, కదిరిలో వానకు నానిన ఒక భవనం పక్క ఇళ్ళపై కూలి, చిన్నపిల్లలతో సహా పలువురు మరణించారు.

పెద్ద తుపాను వచ్చి ఏమీ చేయకపోవడం, చిన్న వాయుగుండం వచ్చి ఊరు ముంచడం చూసిన జనం ఎవరి మాట నమ్మాలో తెలియక తికమక పడడంలో ఆశ్చర్యం లేదు.

గాలి లెక్క వేరు, వాన లెక్క వేరు

తికమకకు కారణం తుపాను పేర్లలోనే వుంది. వాతావరణ శాఖ వారు వాయుగుండం, తుపాను, తీవ్ర తుపాను అని విభజించేది గాలి వేగాన్ని బట్టి. గాలి గంటకు 31 కిలోమీటర్లు దాటితే వాయుగుండం, 62కు చేరితే తుపాను, 89కి చేరితే తీవ్ర తుపాను. ఇందులో వాన లెక్క లేదు. తీరంలో వున్నవారికి గాలి, ఉప్పెన ప్రాణగండం. నేల మీదికి వచ్చిన కొన్ని గంటలలోనే గాలి ఉధృతి సడలుతుంది గాని మబ్బులోని నీరు ఎక్కడికీ పోదు. కనుక మెట్ట ప్రాంతంవారు తుపాను ఎంత పెద్దదని కాక, ఎక్కడ తీరం దాటుతుంది, ఎంత నెమ్మదిగా కదులుతుంది అని అడగవలసి వుంటుంది. కాకినాడ, విశాఖ వైపు దాటేది మనకు సాధారణంగా దూరమే. నెల్లూరు, పుదుచ్చేరిల మధ్య దాటి పడమర వాయవ్యంగా సాగేదానితోనే జాగ్రత్త అవసరం.

వాన కొలత కూడా తెలిసి వుండడం మంచిది. ఒక చదరపు కిలోమీటరు నేలపై 10 సెంటీమీటర్ల వాన కురిస్తే అది 10 కోట్ల లీటర్ల నీరు. ఏడాది మొత్తానికి సుమారు 55 సెంటీమీటర్ల వానతో సరిపెట్టుకునే ప్రాంతంలో అందులో అయిదవ వంతు ఒక్క రోజులోనే పడితే వంకలు తట్టుకోలేవు.

ఒకే వాన, పలు ఫలితాలు

తుపాను మంచిదా, చెడ్డదా అన్న ప్రశ్నకు కూడా అందరిదీ ఒకే జవాబు కాదు. నవంబరు నాటికి వేరుశనగ పీకి చేనులో ఆరబెట్టిన రైతుకు మూడు రోజుల ముసురు చాలు, కాయ నల్లబడుతుంది, పశువుల కట్టె కుళ్ళిపోతుంది. ఆలస్యంగా విత్తినవారికి పైరు భూమిలో వుండగానే కాయ మొలకెత్తుతుంది. అదే వాన పప్పుశనగ వేయదలచిన నల్లరేగడి రైతుకు పదును. చెరువు కింద ఆయకట్టుదారుకు పంటకు భరోసా. బోరు ఎండినవాడికి ఊపిరి.

ధర్మవరంలో నేతగాని ఇంట గుంత మగ్గంలోకి నీరు ఊరితే పని నిలిచిపోతుంది, పట్టు పడుగు చెమ్మ పడుతుంది. పని ఆగిన రోజుకు కూలి లేదు. హిందూపురం వైపు పట్టుపురుగులు పెంచేవారికి తడి ఆకు, చలిగాలి తోడైతే సున్నపుకట్టు రోగం భయం. అందుచేత రచ్చకట్ట మీద వాన రానీ అనేవాడూ, వద్దనేవాడూ ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

పై ఊరి వాన అడగాలి

ఇక్కడివారు తరచు మరిచేది మరొకటుంది. పెన్న, చిత్రావతి రెండూ కర్ణాటకలోని నంది కొండల వైపు నుంచి వచ్చేవి. పెన్న గౌరిబిదనూరు మీదుగా హిందూపురం ప్రాంతానికి, చిత్రావతి బాగేపల్లి మీదుగా పుట్టపర్తి, బుక్కపట్నం, ధర్మవరం వైపుకు వస్తాయి. మన ఊరిలో ఎండ కాస్తున్నా బాగేపల్లిలో రాత్రి కురిసిన వాన తెల్లవారేసరికి ఏటిలో కనిపించవచ్చు. గొలుసుకట్టు చెరువులలో పైచెరువుకు గండి పడితే కింది చెరువుకు గండం.

పూర్వం తుపాను వాన చాలావరకు ఎండిన చెరువులలోకి దిగేది. నేడు పెనుకొండ వద్ద గొల్లపల్లి జలాశయం వంటివాటికి హంద్రీ-నీవా నీరు అందుతున్నది. సగం నిండిన చెరువు పెద్ద వానను తక్కువగానే పట్టుకోగలదు. ఇది మేలే అయినా, మరవ, తూము, కట్టల మరమ్మతు వానకు ముందే పూర్తి కావాలన్నది దీని నుంచి తేలే సంగతి.

చేయవలసినది

హెచ్చరిక వచ్చిన రోజున కాయను చేనులో వదలక మిట్టకు చేర్చి పట్టలు కప్పాలి. కాజ్‌వే మీద నీరు పారుతుంటే మోకాలి లోతే కదా అని బండి దింపరాదు. నానిన మట్టిగోడ ఇళ్ళలో పిల్లలను, వృద్ధులను పడుకోనీయరాదు.

2022 ఏప్రిల్‌లో శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడిన తరువాత కలెక్టరు కార్యాలయం పుట్టపర్తిలో, చిత్రావతి ఒడ్డునే వున్నది. కర్ణాటకలో ఎగువన కురిసిన వాన సెంటీమీటర్లు, చెరువుల నీటిమట్టం ఏ పూటకాపూట గ్రామ సచివాలయాలకు తెలిపి దండోరా వేయించగలిగితే రచ్చకట్ట చర్చ సగం తేలిపోతుంది. తుపాను రావాలా వద్దా అన్నది మన చేతిలో లేదు. పైనుంచి ఎంత నీరు వస్తున్నదో ముందుగా తెలుసుకోవడం మాత్రం మన చేతిలోనే వున్నది.