గుడ్డ కప్పిన విగ్రహం

మొన్నటి క్లబ్ మీటింగ్‌లో డిబేట్ టాపిక్ గుర్తుందా? సమాజానికి కళ ముఖ్యమా, రాజకీయం ముఖ్యమా? నేను కళ వైపు మాట్లాడాను. కృష్ణదేవరాయలు మా అహోబిలానికి వచ్చి స్వామికి కానుకలు ఇచ్చాడని, ఆయన సామ్రాజ్యం 1565లో తళ్లికోట యుద్ధంతో కూలిపోయినా ఆయన రాసిన ఆముక్తమాల్యద మాత్రం ఇంకా బతికే ఉందని చెప్పాను. చప్పట్లు బాగానే పడ్డాయి. ఆ రోజు నా మాట మీద నాకు పూర్తి నమ్మకం ఉండింది. సెలవులకు ఇంటికి వెళ్లొచ్చాక అది కొంచెం కదిలింది. అందుకే ఇది రాస్తున్నా.

మాది నంద్యాల. ఆళ్లగడ్డ అక్కడికి నలభై కిలోమీటర్లు ఉంటుంది. ఆ పేరు చెప్పగానే హాస్టల్లో మొదట వచ్చే ప్రశ్న, "మీ దగ్గర సుమోలు గాల్లోకి లేస్తాయంట కదా?" సమరసింహారెడ్డి 1999లో వచ్చింది, మనం ఇంకా పుట్టనే లేదు. అయినా ఆ సినిమా, దాని వెనకాల వచ్చినవి అన్నీ కలిసి మా సీమకు వేసిన ముద్ర మాత్రం పోలేదు. ఫ్యాక్షన్ రాజకీయాల వల్ల మనుషులు చచ్చిపోయింది నిజమే. కానీ మా గురించి ఇంకేమీ తెలియకుండా చేసింది సినిమా, అంటే కళే. కళ ఎప్పుడూ మంచే చేస్తుందని డిబేట్‌లో నేను అన్న మాట ఇక్కడే తేలిపోయింది.

నిజానికి ఆళ్లగడ్డకు ఇంకో పేరుంది. అది శిల్పుల ఊరు. అక్కడి రాతి శిల్పాలకు జీఐ ట్యాగ్ కూడా ఉంది. ఊళ్లో గుడికి ఆంజనేయస్వామి విగ్రహం చేయించాలని చిన్నాన్న బయల్దేరితే నేనూ వెంట వెళ్లాను. షెడ్డు ముందు సగం చెక్కిన దేవుళ్లు, వాళ్ల పక్కనే నాయకుల విగ్రహాలు ఉన్నాయి.

వాటిని చూడగానే ఎలక్షన్ల టైమ్ గుర్తొచ్చింది. కోడ్ రాగానే సెంటర్లలో ఉన్న నాయకుల విగ్రహాలకు గుడ్డలు చుట్టేస్తారు. చిన్నప్పుడు చూసి నవ్వుకునేవాణ్ణి. కదలని, మాట్లాడని రాయిని చూసి కూడా ఓటరు మనసు మారుతుందేమో అని దాన్ని కప్పుతున్నారంటే, కళకు ఎంత బలం ఉందో ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు కదా! డిబేట్‌లో ఈ పాయింట్ తట్టి ఉంటే బాగుండేది అనుకున్నా.

లోపల ఒక పెద్దాయన గ్రైండర్ పట్టుకుని పని చేస్తున్నాడు. మెషిన్ ఆపితే తప్ప మనిషి సరిగ్గా కనపడలేదు. కనుబొమ్మలతో సహా అంతా దుమ్ము.

"తాతా, మాస్క్ పెట్టుకోవచ్చు కదా?" అన్నా.

"పెట్టుకుంటే కళ్లద్దాలకు ఆవిరి పడతాది నాయనా. ముఖం చెక్కేటప్పుడు కనపడొద్దా?"

మాట పూర్తి కాకుండానే దగ్గు. కొడుకు ఈ పనిలోకి రాలేదంట, హైదరాబాద్‌లో కారు నడుపుతున్నాడంట.

ఇంటికొచ్చి చదివాను. రాతి దుమ్ములోని సిలికా ఏళ్ల తరబడి ఊపిరితిత్తుల్లోకి పోతే సిలికోసిస్ వస్తుంది. వచ్చాక పూర్తిగా నయం కాదు. ఆ తాతకు ఉన్నది అదేనని నేను అనడం లేదు. కానీ అలాంటి పని చేసేవాళ్లకు పరీక్షలు ఎవరు చేయిస్తారు? దుమ్ము పీల్చే యంత్రం కొనడానికి సబ్సిడీ ఎవరు ఇస్తారు? రాజస్థాన్ ప్రభుత్వం 2019లో సిలికోసిస్ కోసం ప్రత్యేకంగా ఒక పాలసీ తెచ్చింది. జబ్బు ఉందని తేలితే డబ్బు సాయం, పింఛను ఇస్తారు. అది ఏ కవీ ఇవ్వలేదు. గొడవ పడి, అడిగి, ఫైలు కదిలించి సాధించుకున్నది. దాన్నే రాజకీయం అంటారు. జీఐ ట్యాగ్ కూడా 1999లో పార్లమెంటు చేసిన చట్టం వల్ల వచ్చిందే.

ఈ రెండూ ఒకే మనిషిలో ఉన్న ఉదాహరణ కూడా మా నంద్యాలకే ఉంది. ప్రధాని అయ్యాక పీవీ నరసింహారావు గారు 1991 ఉప ఎన్నికలో ఇక్కడి నుంచే ఐదు లక్షలకు పైగా మెజారిటీతో గెలిచారు. విశ్వనాథ వేయిపడగలు నవలను హిందీలోకి అనువదించింది కూడా ఆయనే. ఇంగ్లీష్ మీడియం పుణ్యమా అని నేను ఆ నవల తెలుగులో కూడా చదవలేదు. కానీ ఆయన ప్రభుత్వం తెచ్చిన ఆర్థిక సంస్కరణలు లేకపోతే మనలో సగం మంది సీఎస్ఈలో చేరేవాళ్లమా? ఆయన అనువాదం నన్ను ఇంకా చేరలేదు, ఆయన సంతకం మాత్రం నేను పుట్టకముందే నా జీవితంలోకి వచ్చేసింది.

అయితే రాజకీయమే గొప్పదా? కాదు. ఆ షెడ్డులో చూడదగ్గది ఏదైనా ఉందంటే అది ఆ తాత చేతి పనే. గుర్తుండేదీ అదే. కానీ ఆ చెయ్యి ఇంకో పదేళ్లు ఆడాలంటే, ఆ పని నేర్చుకోవడానికి ఇంకో పిల్లోడు రావాలంటే రాజకీయం కావాలి. "పాలిటిక్స్ అంతా బురద, మనం సాహిత్యం చూసుకుందాం" అని మన క్లబ్‌లో చాలాసార్లు అనుకున్నాం. నేనే ఎక్కువసార్లు అన్నా. అలా అనుకోవడం వల్ల మనకు ఏమీ కాదు. ఆ తాతకు అవుతుంది.

నాకు ఓటు వచ్చింది, ఇంకా వేయలేదు. మా వీధికి ఓటు అడగడానికి ఎవరొచ్చినా, ఏ పార్టీ అయినా, ఒకటే అడగాలనుకుంటున్నా: ఆళ్లగడ్డ షెడ్లలో దుమ్ముకు ఏం చేస్తారు? జవాబు రాకపోవచ్చు. కనీసం ఆ ప్రశ్న ఒకసారి వాళ్ల చెవిన పడుతుంది.